కొసమెరుపు ఎవరూ ఊహించలేదు, అయినా ఎవరికీ ఏమీ పట్టలేదు: తప్పు ఉత్కంఠదా, పాత్రదా?

గవ్వలబాట (ప్రశ్న)

నమస్కారమండీ. 1800 మాటల కథ ఒకటి చిత్తుప్రతి దశలో ఉంది. ఏడుగురు చదివారు. ఐదుగురిది ఒకటే మాట: "చివర్లో అలా తిరుగుతుందనుకోలేదు, బాగుంది." ఆ "బాగుంది"లో ఉప్పూ కారం లేవని మీకూ వినిపిస్తూనే ఉంటుంది. మిగతా ఇద్దరూ సగంలోనే కనిపెట్టేశారు. వాళ్లకి కోపమూ రాలేదు, సంతోషమూ కలగలేదు.

కథ ఇదీ. విశాఖలో కొత్త జాలరిపేట. మే నెల. నూకాలు భర్త పైడిరాజు ఫిషింగ్ హార్బర్‌లో ఒక సోనా బోటు (వేటకెళ్లే ఇంజను బోటు) మీద కలాసీ. బోటు వేటకెళ్లి 9 రోజులైంది. అల్పపీడనం కాస్తా వాయుగుండమైంది, పోర్టులో మూడో నంబరు ఎగరేశారు. బోటు జాడ లేదు. నూకాలు రాత్రంతా ఇంటికీ ఒడ్డుకీ తిరుగుతూ ఉంటుంది. సరంగు (బోటు నడిపేవాడు) పెళ్లాం వచ్చి ఏడుస్తుంది, ఓనరు ఫోనెత్తడు, పిల్లాడికి జ్వరం, కరెంటు పోతుంది. చివరి పేరాలో బయటపడేదేమిటంటే, పైడిరాజు అసలు బోటెక్కలేదు. అప్పులవాళ్లకి దొరక్కుండా చెన్నై రైలెక్కేశాడు. ఆ సంగతి నూకాలుకి మొదటి రోజు నుంచీ తెలుసు.

ఎత్తుగడ ఇలా ఉంది:

"ఆకాశం నల్లటి దుప్పటి కప్పుకుంది. సముద్రం కోపంతో ఊగిపోతోంది. నూకాలు గుండె దడదడలాడింది. ఏదో జరగబోతోందని ఆమెకి అనిపించింది."

పాత్ర చిత్రణకి చోటిస్తే ఉత్కంఠ చల్లారిపోతోంది. ఉత్కంఠ పెంచితే మనుషులు అట్టముక్కలైపోతున్నారు. ఇంత చిన్న కథలో రెండూ ఎలా ఇమడ్చాలి? ఏది ముందు సరిచెయ్యాలి?

ఉప్పుటేరు

రెండూ విడివిడిగా సరిచేద్దామనుకుంటే కుదరదండీ. మీ దగ్గరున్నది దాపరికం. దాన్ని ఉత్కంఠ అనుకున్నారు.

ఈ తేడాని బ్రూవర్, లిక్టెన్‌స్టయిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1982లో చాలా తేటగా విడదీశారు. జరిగిన సంగతుల వరస ఒకటి, పాఠకుడికి అవి అందే వరస ఇంకొకటి. అసలు సంఘటన మొదట్లోనే చెప్పేసి దాని ఫలితాన్ని ఆపి ఉంచితే పుట్టేది ఉత్కంఠ. అసలు సంఘటనని దాచి, దాచామన్న అనుమానం కూడా రానివ్వకుండా చివర్లో బయటపెడితే పుట్టేది ఆశ్చర్యం. ఏదో దాచారని పాఠకుడికి తెలిసి, అదేమిటో తెలియకపోతే కుతూహలం. డిటెక్టివ్ కథలన్నీ ఈ మూడోదాని మీదే నడుస్తాయి.

మీ కథలో అసలు సంఘటన ఏది? పైడిరాజు బోటెక్కకపోవడం. దాన్ని 1750 మాటలు దాచారు. ఆ మాటల నిండా "బోటు వస్తుందా, మనిషి బతుకుతాడా" అన్న వేరే ప్రశ్న నడిపారు. చివరి 50 మాటల్లో ఆ ప్రశ్నే చెల్లదన్నారు. ఎదురుచూపంతా ఖాతాలోంచి కొట్టేసినట్టయింది. అందుకే ఆశ్చర్యపోయి ఊరుకున్నారు.

దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. కథంతా నూకాలు బుర్రలో కూర్చోబెట్టి చెప్పారు. తొమ్మిది రోజుల కిందట మొగుడు పారిపోయిన మనిషి బుర్రలో గాలివాన గురించిన ఆలోచనలే తిరుగుతాయా? తనకి తెలిసిన దాన్ని తను ఒక్కసారైనా తల్చుకోదా? రెండోసారి చదివితే ఆ గుండెదడ అంతా అబద్ధమని తేలిపోతుంది. పోనీ నటిస్తోందా అంటే, నటిస్తున్నట్టు మీరు రాయలేదు. దృష్టికోణం ఎవరిదైతే వాళ్లకి తెలిసిన సంగతి పాఠకుడికి దాచకూడదు. దాచి తీరాల్సిందే అయితే కెమెరాని ఆ మనిషి బయటకి తేవాలి. కనిపించేది, వినిపించేది మాత్రమే రాయాలి.

మందు ఏమిటంటే, దాచినదాన్ని మొదటి 150 మాటల్లోనే బయట పెట్టెయ్యండి. వేటకెళ్లేవాడు వదిలి వెళ్లని వస్తువు ఏదైనా, గుర్తింపు కార్డే అనుకోండి, బియ్యం డబ్బాలో దొరకనివ్వండి. పైడిరాజు బోటు మీద లేడని నూకాలుకీ తెలుసు, మనకీ తెలుసు. పేటలో ఇంకెవరికీ తెలియదు. బోటులో వెళ్లినవాళ్ల జాబితాలో మాత్రం అతని పేరుంది.

ఇప్పుడు బోటు నిజంగానే గల్లంతవనివ్వండి. జాబితాలో ఉన్న కుటుంబాలకి పరిహారం వస్తుందన్న మాట పేటలో పుడుతుంది. అప్పులవాడు గుమ్మం దాకా వచ్చి, అరవడానికి నోరు రాక, తల దించుకుని వెళ్లిపోతాడు. నూకాలు నిజం చెబుతుందా, చెప్పదా? ఇది ప్రశ్న. జవాబు నూకాలు ఎలాంటి మనిషో దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి, పాత్రకి ఒక పేరా, ఉత్కంఠకి ఒక పేరా అని పంచాల్సిన పని ఉండదు.

చోటు లెక్క కావాలంటే నా అంచనా: ఎత్తుగడ 150, ఒక్కోటి 400 మాటల చొప్పున మూడు దృశ్యాలు, చివరి దృశ్యం 350. మిగిలిన వంద మాటలూ అతుకులకి. మూడు దృశ్యాల్లోనూ ఎవరో ఒకరు ఆమెకి మంచే చెయ్యాలి. ఆ మంచి వల్లే నిజం చెప్పడం మరింత కష్టమవ్వాలి. మొదటి రోజు చెప్పేస్తే సిగ్గు ఒక్కటే పోతుంది. జాబితా రాసుకుని వెళ్లాక చెబితే అబద్ధమాడినట్టు. డబ్బు చేతికొచ్చాక చెబితే నేరం. ఇలా మెట్టు మెట్టుకీ ఖరీదు పెరగాలి. మీరు పేర్చిన జ్వరం, కరెంటు, ఎత్తని ఫోను అలాంటివి కావు. నాలుగు కష్టాలు పక్కపక్కన పెట్టినంత మాత్రాన ఉత్కంఠ నాలుగింతలవదు. ఒకటి ఇంకోదాన్ని బిగించాలి. జ్వరం ఉంచాలనుకుంటే మందుల డబ్బు అప్పులవాడి చేతి నుంచే రానివ్వండి. లేకపోతే తీసెయ్యండి.

పాత్ర కోసం వర్ణన వద్దు. రెండు పనులు చాలు, ఒకదానికొకటి పొసగనివి. హార్బర్‌లో వేలం దగ్గర చిల్లర లెక్కలో రూపాయి తేడా వచ్చినా వెనక్కి నడిచెళ్లి ఇచ్చే మనిషి. అదే మనిషి పేర్ల జాబితా దగ్గర నోరు మెదపదు. మొదటి పని ముందు చూపించి, రెండోది తర్వాత చూపించండి. ఆ రెంటి మధ్య ఎంత దూరముందో పాఠకుడే కొలుచుకుంటాడు.

డాల్ఫిన్ కొండ నీడ

కథ శిల్పం గురించి పెద్దలు చెబుతారు. నాది ఒక్క అభ్యంతరం. మే నెలలో సోనా బోటు వేటకెలా వెళ్లిందండీ?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో ఇంజను బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. విశాఖలో పాఠకుడు మొదటి పేరాలోనే "ఇదెక్కడి కథ" అని పక్కన పడేస్తాడు. ఆ తర్వాత మీరెంత బిగించినా బిగువు పట్టదు. అక్టోబరు, నవంబరుకి మార్చండి. మనకి పెద్ద తుపాన్లు ఎక్కువగా వచ్చే కాలం కూడా అదే. హుద్‌హుద్ విశాఖలో తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ ఏడాది మాత్రం వాడకండి. అది వాడితే పాఠకుడు నూకాలుని వదిలేసి తన ఇంటి కిటికీ అద్దాలు గుర్తు చేసుకుంటాడు.

మూడో నంబరు గురించి కూడా. ఈదురుగాలులు రేవుని తాకొచ్చన్న స్థానిక హెచ్చరిక అది. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న ప్రమాదానికి. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా పెను ప్రమాదం. పదకొండోది ఒకటుంది. తుపాను హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని దాని అర్థం. కథకి ఇంతకన్నా మంచి మెట్లవరస ఎవరిస్తారు? పేటలో ఆడవాళ్లకి ఈ అంకెలకి అర్థం విడమర్చి చెప్పక్కర్లేదు. కాబట్టి మీరూ కథలో విడమర్చకండి. "ఐదు చేసినారంట" అని ఒకావిడ అంటే, రెండో ఆవిడ గిన్నెలు సర్దడం మొదలెడితే చాలు. తెలియని పాఠకుడికి కూడా ఆ గిన్నెల చప్పుడుతో అర్థమైపోతుంది.

ఫోను సంగతి: తీరం నుంచి కొంత దూరం పోయాక సెల్ సిగ్నల్ ఉండదు, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టే దిక్కు. కాబట్టి "పైడిరాజు ఫోను మోగి ఆగిపోయింది" అని ఎక్కడైనా రాసుంటే అది పెద్ద ఆధారమైపోతుంది. సముద్రంలో ఉన్నవాడి ఫోను మోగదు కదా. కనిపెట్టేసిన ఇద్దరూ దాన్ని పట్టుకునే ఉంటారని నా అనుమానం.

గవ్వలబాట

అయ్యో, ఫోను మోగుతుందండీ! రెండో పేజీలో. నిషేధం సంగతి కూడా పట్టించుకోలేదు. నవంబరుకి మారుస్తాను.

కొసరు

ఉప్పుటేరు గారి వైద్యం బాగుంది కానీ, కొసమెరుపుని మరీ అంటరానిదాన్ని చేసేశారు. ఇంత పాపం అదేం చేసింది?

గురజాడ "దిద్దుబాటు" 1910లో వచ్చింది. అర్ధరాత్రి ఇంటికొచ్చిన భర్తకి భార్య కనిపించదు, ఉత్తరం దొరుకుతుంది, వెళ్లిపోయిందని బెంబేలు పడతాడు. చివరికి మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది. ఇది పక్కా దాపరికమే. మరి నూట పదేళ్లు దాటినా ఎందుకు చెల్లుతోంది? కథ భర్త వెంట నడుస్తుంది కాబట్టి. అతనికి తెలియనిది మనకీ తెలియదు, అక్కడ మోసం లేదు. పైగా నిజం తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే అతని ప్రతి మాటా ఇంకా రుచిగా ఉంటుంది. పశ్చాత్తాపమంతా పక్కనే ఉన్న మనిషి వింటూ ఉండగా ఒలకబోసుకున్నాడు. మొదటిసారి జాలి, రెండోసారి నవ్వు. కొసమెరుపు తిన్నగా పనిచేసిందా లేదా అన్నదానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. రెండోసారి చదువుతుంటే వాక్యాలు చచ్చిపోతున్నాయా, వేరే అర్థంతో లేచి కూర్చుంటున్నాయా?

గవ్వలబాట గారూ, మీకు కొసమెరుపే ముద్దయితే దారి ఉంది. కథని నూకాలు నుంచి తీసేసి సరంగు పెళ్లానికి ఇవ్వండి. ఆవిడ కళ్లకి నూకాలు వింతగా కనిపిస్తుంది. అందరూ ఒడ్డుకి పరిగెడితే ఈమె గుమ్మంలో కూర్చుంటుంది. అన్నం సయించనివాళ్ల మధ్య ఈమె తింటుంది. ఆవిడ దాన్ని గుండెనిబ్బరం అనుకుంటుంది, మనమూ అలాగే అనుకుంటాం. ఇలాంటివి రెండు చాలు, మూడోది పెడితే దొరికిపోతారు. రెండింటినీ వెంటవెంటనే పెట్టకండి. ఒకటి మొదటి మూడో వంతులో, ఇంకోటి సగం దాటాక. ఏదీ పేరా చివర్లో రాకూడదు. పేరా చివరి వాక్యం మీద పాఠకుడి చూపు ఎక్కువసేపు నిలుస్తుంది. మధ్యలో పడేస్తే చూసీ చూడనట్టు దాటిపోతాడు.

అయితే ఈ పద్ధతికి 1800 మాటలు ఎక్కువ. కొసమెరుపు కథ 600, 700 మాటల్లో ముగిస్తే దెబ్బ తగులుతుంది. పాఠకుడు ఒక మనిషితో అరగంట కాపురం చేశాక "అదంతా ఉత్తిదే" అంటే ఒళ్లు మండుతుంది. అందుకే 1800 మాటలూ ఉంచుకుంటానంటే ఉప్పుటేరు గారి దారే నయం, ఒప్పుకుంటున్నాను.

మర్రిపాలెం మాస్టారు

ఇంతవరకూ చెప్పినవన్నీ ఏ భాషలో రాసినా చెల్లేవి. మన భాష ఇచ్చే పనిముట్లు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ వాడుకోవడం లేదన్నది నా బాధ.

మొదటిది "రాలేదు." ఈ క్రియకి లింగం లేదు, వచనం లేదు, పురుష లేదు. నేను రాలేదు, వాడు రాలేదు, బోటు రాలేదు, ఫోను రాలేదు, అన్నిటికీ ఒకటే రూపం. "వచ్చాడు" అన్న మరుక్షణం మగవాడని తేలిపోతుంది. "రాలేదు" అంటే ఏదీ తేలదు. కర్త లేకుండా "ఇంకా రాలేదు" అని నూకాలు చేత అనిపించండి. విన్నవాళ్లకి అది బోటు. నూకాలుకి అది చెన్నై నుంచి రావలసిన కబురు. ఆవిడ అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఈ ఒక్క క్రియ మీద ఒక దృశ్యమంతా నడపవచ్చు.

రెండోది "పోయాడు." వెళ్లాడనీ చచ్చిపోయాడనీ రెండర్థాలు. "మీవోడు పోయాడా?" అని ఎవరూ అడగరు, నోరు రాదు. అడగలేక తడబడతారు. ఆ తడబాటు రాయండి. అలాగే "వెళ్లాడు"కీ "వెళ్లిపోయాడు"కీ ఎంత దూరమో చూడండి. వేటకి "వెళ్లినవాడు" తిరిగొస్తాడు. పేట మాటలో "ఎల్లినాడు" అని అందరూ అంటున్నప్పుడు నూకాలు ఒక్కసారి పొరపాటున "ఎల్లిపోనాడు" అని నాలిక కరుచుకుంటే, అక్కడ ఊపిరి బిగబట్టనివాడు పాఠకుడే కాదు.

మూడోది "అట." తెలుగులో తను చూసినదానికీ విన్నదానికీ తేడా క్రియలోనే పలుకుతుంది. ములిగింది, ములిగిందట. విశాఖ నోట "ములిగిందంట". బోటు గురించిన ప్రతి వార్తా ఈ "అంట"తోనే పేటకి చేరాలి. ఎవరో ఒకరు "అంట" లేకుండా చెప్పేదాకా ఆశ మిగిలే ఉంటుంది. "అంట" ఊడిపోయిన వాక్యం కథలో ఎక్కడ పడుతుందో ముందే నిర్ణయించుకుని, అక్కడికి చేరేదాకా ఒక్క చోట కూడా జారనివ్వకండి. జారితే పాఠకుడికి ఎందుకో చెప్పలేడు కానీ బిగువు సడలుతుంది.

నాలుగోది పిలుపు. నూకాలు మొగుణ్ణి పేరుతో పిలవదు. "మావోడు" అంటుంది, లేకపోతే "మా గుంటడి నాన్న" అంటుంది. కథంతా అలా నడిచి, ఒకే ఒక్క చోట "పైడిరాజు" అని పేరు పెట్టి అంటే ఆ బంధం అక్కడ తెగిందని వేరే రాయక్కర్లేదు. ఆ పేరు ఎవరితో అంటుందన్నది మీ ఇష్టం. జాబితా రాసుకునే మనిషితో అనిపిస్తే నాకు నచ్చుతుంది. పేరు చెప్పక తప్పని చోటు అదే కదా.

వాక్య నిర్మాణం సంగతి కూడా చూడండి. మనకి క్రియ చివరొస్తుంది. అంటే వాక్యంలోనే చిన్న ఉత్కంఠ ఉంది. "తెల్లారేసరికి ఒడ్డున మూడు బోట్లు, వాటిలో ఒకటి నీలం రంగుది, దాని మీద నంబరు…" ఇలా పేర్చుకుంటూ పోయి క్రియ దగ్గర తేల్చవచ్చు. కానీ పేరాకి ఒక్కసారే. ప్రతి వాక్యం అలా లాగితే రైల్వే స్టేషన్ ప్రకటనలా ఉంటుంది.

యాస గురించి ఒక ముక్క. ఉత్తరాంధ్ర మాటని చూపించడానికి ప్రతి పదం అక్షరాలు మార్చి రాస్తే పాఠకుడు కూడబలుక్కుంటూ ఆగిపోతాడు, వేగం చస్తుంది. ఒక సంభాషణకి రెండు గుర్తులు చాలు: "ఏటి", "నేదు", "సేసినాడు" లాంటివి. మిగతాది వాక్యం తూగులో రావాలి. జాబితా రాసుకునే ఉద్యోగి అదే వాక్యంలో "లేదు" అంటే, ఎవరెక్కడ నిలబడ్డారో రెండక్షరాలతో తెలిసిపోతుంది.

ఇక మీ ఎత్తుగడ. ఆకాశం దుప్పటి, సముద్రం కోపం, గుండె దడ, ఏదో జరగబోతోంది. నాలుగు వాక్యాలూ ఏ ఊరి కథకైనా అతుకుతాయి. ఏ నూకాలుకైనా అతుకుతాయి. అంతే చెప్పగలను.

గవ్వలబాట

మాస్టారూ, ఆ చివరి మూడు వాక్యాలు గట్టిగానే తగిలాయి. ఎత్తుగడ కొట్టేశాను.

ఒక భయం మాత్రం మిగిలింది. ఉప్పుటేరు గారు చెప్పిన దారిలో నూకాలు డబ్బు కోసం మౌనంగా ఉంటుంది. అలాంటి మనిషి మీద పాఠకుడికి ఇష్టం కలుగుతుందా? కలగకపోతే ఉత్కంఠ మళ్లీ పోదా?

అల్లిపురం అట్టపెట్టె

ప్రశ్న సరైనదే. పాత్ర మీద ఇష్టానికీ ఉత్కంఠకీ సంబంధం ఉందని ప్రయోగాల్లో చూశారు. పాల్ జోస్, బ్రూవర్ 1984లో 2, 4, 6 తరగతుల పిల్లలకి కథలిచ్చి పరీక్షించారు. పాత్ర తమలాంటిదే అనిపిస్తే పిల్లలు దానితో ఎక్కువ మమేకమయ్యారు. మమేకమైనకొద్దీ ఉత్కంఠ పెరిగింది. ఆ రెండూ, ముగింపు నచ్చడం, ఈ మూడూ కలిసి కథ మీద ఇష్టాన్ని నిర్ణయించాయి. చిన్న తరగతుల పిల్లలకి పాత్ర మంచిదైనా చెడ్డదైనా సుఖాంతమే నచ్చింది. పెద్ద తరగతులకి వచ్చేసరికి మంచివాడికి మంచి, చెడ్డవాడికి చెడు జరిగితేనే నచ్చింది. అది పిల్లల మీద చేసిన ప్రయోగం, పెద్దల కథలకి ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. కానీ "ఏమవుతుందో" అన్న ప్రశ్న కింద "ఏమవ్వాలో" అన్న తీర్పు ఒకటి కూర్చుని ఉంటుందన్నది పెద్దలకీ వర్తిస్తుంది. డాల్ఫ్ జిల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సిద్ధాంతం కూడా అదే చెబుతుంది. చూసేవాడు పాత్ర నడతని మెచ్చుకుంటాడు లేదా తప్పుపడతాడు, ఆ తీర్పుని బట్టే ఆశ, భయం పుడతాయి.

కాబట్టి నూకాలుని మంచిదాన్ని చెయ్యక్కర్లేదు. పాఠకుడు ఒప్పుకునే పని ఒకటి, దానికి ఆమె సొంతంగా నష్టపడేలా, ఆశ పుట్టకముందే చేయించండి. ఉప్పుటేరు గారి చిల్లర లెక్క ఆ పని చేస్తుంది. కానీ తర్వాత పెడితే పనిచెయ్యదు. మౌనం ముందు, నిజాయితీ తర్వాత వస్తే అది సంజాయిషీలా కనిపిస్తుంది. వరస తిరగబడితే మనిషే మారిపోతుంది. "తమలాంటిదే" అనిపించడానికి పాఠకుడు జాలరి కానక్కర్లేదు. డబ్బు లెక్కపెట్టి మళ్లీ లెక్కపెట్టే అలవాటు గాజువాక ఉద్యోగికీ ఉంటుంది.

అసలు సంగతి మొదట్లో చెప్పేస్తే చదువుతారా అన్న అనుమానం ఇంకా ఉంటే, లీవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే పరిశోధకులు 2011లో శాన్ డియాగోలో చేసిన ప్రయోగం ఉంది. చిన్నకథల ముగింపు ముందే చెప్పి చదివించినా పాఠకుల ఆనందం తగ్గలేదు, కొంచెం పెరిగింది. తర్వాత వేరేవాళ్లు చేసిన వాటిలో ఫలితం అటూ ఇటూ అయింది, కాబట్టి శాసనంగా తీసుకోకండి. తెలిసిన కథకి భయపడలేమన్న మాట మాత్రం నిజం కాదు. ప్రహ్లాదుడికి ఏమీ కాదని తెలిసినవాళ్లే హరికథలో కొండ మీంచి తోసే ఘట్టానికి ముందుకి జరుగుతారు.

ఇక చిత్తుప్రతి పరీక్ష. మీరు ఏడుగుర్నీ "ఎలా ఉంది?" అని అడిగుంటారు. తెలిసినవాళ్లు దానికి "బాగుంది" తప్ప ఏమంటారు? ఈసారి ఇలా చెయ్యండి. పాత ప్రతి చదివినవాళ్లు వద్దు, కొత్తవాళ్లు ఐదుగురు. కథని సుమారు 400, 1000, 1500 మాటల దగ్గర కోసి నాలుగు ముక్కలుగా పంపండి. ప్రతి కోత దగ్గరా రెండే ప్రశ్నలు: "తర్వాత ఏమవుతుంది?", "ఏమవ్వాలని మీకుంది?" జవాబు ఒక్క వాక్యంలో రాయించుకోండి. నోటితో చెబితే మీ మొహం చూసి మార్చేస్తారు.

మొదటి ప్రశ్నకి ఐదుగురూ ఒకటే జవాబిస్తే, అదే నిజమైతే, దారి మరీ తిన్నగా ఉంది. ఐదు జవాబులూ ఐదు దిక్కులకి పోతే అసలు ప్రశ్న ఏమిటో వాళ్లకి అందలేదు, ఎత్తుగడ మసకగా ఉంది. రెండు, మూడు జవాబుల మధ్య ఊగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. రెండో ప్రశ్నకి "ఏమో", "ఏదైనా పర్లేదు" అని వస్తే పాత్ర దగ్గర లోపం, సంఘటనలు ఎన్ని మార్చినా లాభం లేదు. "చెప్పెయ్యాలి, కానీ చెప్పకపోతే బాగుణ్ణు" లాంటి జవాబు ఒక్కటైనా వస్తే ఆ కోత చుట్టుపక్కల ఏమీ కదపకండి. ఇంకో గుర్తు: ముక్క పంపాక మీరు అడక్కుండానే తర్వాతి ముక్క ఎవరు, ఎన్ని గంటల్లో అడిగారో రాసి పెట్టుకోండి. మొహమాటానికి ఎవరూ దాన్ని అడగరు.

కొసరు

ఆ రెండో ప్రశ్న బాగుంది. నాదో కొసరు: నాలుగో ముక్క పంపకుండా ఒక రోజు ఆపండి. అడగనివాళ్ల జవాబులు తీసి పక్కన పెట్టెయ్యొచ్చు.

గవ్వలబాట

అందరికీ దణ్ణాలు. కొత్త ఎత్తుగడ ఇదిగో. పరీక్షకి పంపేముందు ఒకసారి చూడండి.

"పైడిరాజు కార్డు బియ్యం డబ్బాలోనే ఉంది. నూకాలు మూత పెట్టేసింది.

గుమ్మంలో సరంగు పెళ్లాం. 'అప్పా, మూడో నంబరు ఎగరేసినారంట. మీవోడి కబురేటైనా వచ్చిందా?'

'ఇంకా రాలేదు' అంది నూకాలు.

పొద్దున వేలం దగ్గర ఎవరో పది రూపాయలు ఎక్కువిచ్చారు. నోటు చెంగున ముడేసే ఉంది. చినుకులు పడుతుండగానే ఇచ్చేసి రావడానికి హార్బర్‌కి బయల్దేరింది. గేటు దగ్గర కుర్చీ వేసుకుని ఒకాయన పేర్లు రాసుకుంటున్నాడు. ఎనిమిది పేర్లు. బోటు భీమిలి అవతల ములిగిపోయింది. ఏడో పేరు దగ్గర పెన్ను ఆపి ఆయన తలెత్తాడు. 'ఇతని తాలూకు ఎవరైనా ఉన్నారా?'"

ఉప్పుటేరు

పది రూపాయల నోటు చేతిలో ఉండగానే ఆ ప్రశ్న వచ్చింది చూశారా, అదే కావాలి. మొదటి దృశ్యం ఇక్కడే మొదలైపోయింది కాబట్టి అతుకుల కోసం దాచిన వంద మాటల్లో సగం మిగిలాయి. అవి చివరి దృశ్యానికి ఇచ్చుకోండి.

డాల్ఫిన్ కొండ నీడ

మూడో నంబరు నాటికే పేర్లు రాసుకోరు. ఆ రెంటికీ మధ్య ఒక రాత్రి గడవనివ్వండి, నంబరు పెంచండి.

మర్రిపాలెం మాస్టారు

"రాలేదు" బాగా కూర్చుంది. నూకాలు నోట "నేదు" అన్నా నష్టం లేదు, అర్థం అదే పని చేస్తుంది.

"బోటు భీమిలి అవతల ములిగిపోయింది" అని రాశారు. ఎవరు చూశారు? "ములిగిపోయిందంట" అనండి.

గవ్వలబాట

మార్చానండీ.